నార్స్ పురాణ కథలతో ఇంట్లో పిల్లలకు భాష నేర్పడం ఎలా?

పాలపిట్ట

సభ్యులందరికీ నమస్కారం. నాకు తొమ్మిదేళ్ల అమ్మాయి, ఆరేళ్ల అబ్బాయి ఉన్నారు. ఇద్దరికీ తెలుగు చదవడం, రాయడం ఇంట్లో నేనే నేర్పుతున్నాను. గుణింతాలు, ఒత్తులు దాటి వాక్యాల దగ్గరకు వచ్చేసరికి అమ్మాయికి విసుగు పట్టుకుంది. పాఠం చదవమంటే చదువుతుంది, ప్రశ్నలకు జవాబులు రాయమంటే పాఠంలోని వాక్యాలనే ఎత్తి రాస్తుంది, సొంతంగా నాలుగు మాటలు రాయమంటే మాత్రం పెన్సిల్ చెక్కుతూ కూర్చుంటుంది.

ఈమధ్య ఒక బొమ్మల పుస్తకంలో నార్స్ వాళ్ల, అంటే పాత స్కాండినేవియా జనం కొలిచిన, దేవుడు థార్‌ను చూసి, "అంత పెద్ద సుత్తికి పిడి ఎందుకు ఇంత పొట్టిగా ఉంది?" అని అడిగింది. నాకు జవాబు తెలియలేదు. వెతుకుతూ పోతే దేవతల పెద్ద ఓడిన్, జిత్తులమారి లోకి, ఫెన్రిర్ తోడేలు, ప్రపంచాన్ని మోసే ఇగ్‌ద్రసిల్ చెట్టు, ఇలా ఒక పెద్ద కథల గని తగిలింది. ఒకటి రెండు కథలు నోటితో చెప్పి చూశాను. పాఠం చెప్పేటప్పుడు లేని వెలుగు ఆ కళ్లలో కనిపించింది. అందుకే కొన్ని నెలల పాటు తెలుగు పాఠాన్ని మొత్తం ఈ కథల చుట్టూ తిప్పితే ఎలా ఉంటుందా అని ఆలోచిస్తున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలి, నోరు తిరగని ఈ పేర్లను తెలుగులో ఎలా రాయించాలి, కథల్లోని నెత్తుటిని ఆరేళ్లవాడికి ఎంతవరకు చెప్పవచ్చు అన్నవి నా సందేహాలు. వ్యాకరణానికి కూడా ఇవి పనికివస్తాయంటే మరీ సంతోషం.

గోరింట

పాలపిట్ట గారూ, మీ అమ్మాయి అడిగిన ప్రశ్నతోనే మొదలుపెట్టండి, ఎందుకంటే దానికి జవాబు ఒక పూర్తి కథ. లోకి అల్లరికి థార్ భార్య సిఫ్ జుట్టు మొత్తం కత్తిరించేస్తాడు. ఎముకలు విరిచేస్తానని థార్ మీదికి వస్తే, మరుగుజ్జుల చేత బంగారు జుట్టు చేయించి తెస్తానని ఒట్టు పెట్టుకుంటాడు. ఇవాల్డి కొడుకులు జుట్టుతో పాటు ఒక ఓడను, గుంగ్నిర్ అనే ఈటెను కూడా చేసి ఇస్తారు. అంతటితో ఊరుకుంటే లోకి ఎందుకవుతాడు? బ్రొక్ అనే ఇంకో మరుగుజ్జు దగ్గరకు వెళ్లి, నీ సోదరుడు ఇంత గొప్ప వస్తువులు చేయలేడని తన తలనే పందెం కాస్తాడు. కొలిమి దగ్గర తిత్తి ఊదుతున్న బ్రొక్‌ను ఒక ఈగ మూడుసార్లు కుడుతుంది. మూడోసారి, సుత్తి తయారవుతుండగా, కనురెప్ప మీద కుట్టి నెత్తురు కంట్లోకి కారేసరికి అతడు ఈగను తోలడానికి ఒక్క క్షణం తిత్తి వదులుతాడు. సుత్తి పిడి పొట్టిదైంది అందుకే.

కానీ భాషా పాఠం అసలు ఇక్కడి నుంచి మొదలవుతుంది. సుత్తి అన్నింటికంటే గొప్పదని దేవతలు తీర్పు చెబుతారు, లోకి పందెం ఓడిపోతాడు. బ్రొక్ తల నరకడానికి వస్తే, "తల నీదే, ఒప్పుకుంటాను, కానీ మెడ నీది కాదు" అంటాడు. మెడకు గాటు పడకుండా తల తీయడం ఎలాగో తెలియక బ్రొక్ అతడి పెదవులు కుట్టేసి వెళ్లిపోతాడు. ఈ కథ అయ్యాక మా అబ్బాయికి ఒకే పని ఇచ్చాను: లోకి తప్పించుకోవడానికి వీల్లేకుండా పందెం వాక్యాన్ని తిరగరాయాలి. మొదట "నీ తల నాకు ఇవ్వాలి" అని రాశాడు. తరువాత "తలతో పాటు మెడ కూడా" అని చేర్చాడు. అప్పుడు నేను లోకి పక్షాన నిలబడి, మెడ ఎక్కడ ఆగి భుజం ఎక్కడ మొదలవుతుందో చెప్పమన్నాను. నాలుగు చిత్తుప్రతుల తరువాత కామాలు, "అయితే", "లేనిపక్షంలో", "ఏ కారణం చేతనైనా" అన్నీ ఉన్న ఎనిమిది వరుసల వాక్యం తయారైంది. సంక్లిష్ట వాక్యం అంటే ఏమిటో నిర్వచనం చెప్పి నేను ఎన్నడూ అంత రాయించలేకపోయాను.

పద్ధతి విషయానికి వస్తే, కథను ముందుగా పుస్తకం లేకుండా చెప్పండి. మరునాడు పిల్లల చేత చెప్పించండి. చిన్నవాడు చెప్పేది మీరు మాట మార్చకుండా, తప్పుతో సహా రాసి పెట్టండి. అదే వాడి వాచకం, అదే చూచిరాత. తన నోటి మాటే కాగితం మీద కనిపిస్తే చదవడానికి ఎవరూ బతిమాలనక్కరలేదు.

మర్రినీడ

ఉత్సాహం మీద నీళ్లు చల్లాలని కాదు గానీ ఒక సందేహం చెప్పి తీరాలి. కథ చెబితే కథ ఒక్కటే రాదు, దాని వెంట నుడికారం కూడా వస్తుంది. భగీరథ ప్రయత్నం, శల్యసారథ్యం, కుంభకర్ణుడి నిద్ర లాంటి మాటలు తెలుగు వాక్యంలో రోజూ దొర్లుతుంటాయి. ఆ కథలు తెలియని పిల్లవాడికి వార్తాపత్రిక కూడా సగమే అర్థమవుతుంది. ఉన్న సమయమే కొద్దిగా ఉన్నప్పుడు, తెలుగులో ఒక్క జాతీయం కూడా ఇవ్వని ఉత్తరదేశపు కథలను తెలుగు నేర్పడానికి ఎంచుకోవడంలోని తర్కం నాకు అంతుపట్టలేదు. పైగా మీరు వాటిని ఇంగ్లీషు పుస్తకాల నుంచే కదా తెలుగులోకి దించుతారు? వాక్యాలు కూడా ఆ వాసనతోనే వస్తాయని నా భయం.

పాత పలక

మర్రినీడ గారి మొదటి మాటను నేను కాదనను. ఆ కథలు ఎలాగూ చెప్పాలి, ఇవి వాటికి బదులు కావు. అయితే తెలుగు పంతులుగా చాలా ఏళ్లు నోటుపుస్తకాలు దిద్దిన అనుభవంతో ఒక విషయం చెబుతాను. హనుమంతుడు సముద్రం దాటిన ఘట్టాన్ని సొంత మాటల్లో రాయమని తరగతికి చెబితే, నలభై పుస్తకాల్లోనూ "వాయువేగ మనోవేగాలతో" అనే మాట ఉంటుంది. అది పిల్లలు రాసిన వాక్యం కాదు, వాళ్ల చెవిలో అప్పటికే ఉన్న వాక్యం. తెలుగులో లెక్కలేనన్నిసార్లు చెప్పిన కథకు మాటలు ముందే తయారై ఉంటాయి. అది ఆ కథల గొప్పతనం, రాత నేర్పేటప్పుడు వాటితో వచ్చే చిక్కు కూడా అదే. ఇంద్రధనుస్సు వంతెన మీద ఎనిమిది కాళ్ల గుర్రం పరుగెత్తితే చప్పుడు ఎలా ఉంటుందో తెలుగులో ఇంతవరకు ఎవరూ ఖాయం చేయలేదు. ఆ మాట పిల్ల వెతుక్కోవాలి. పాలపిట్ట గారి అమ్మాయికి కావలసింది సరిగ్గా అదే అని నాకు తోస్తోంది.

జాతీయాల సంగతి: ఫెన్రిర్‌ను కట్టడానికి దేవతలు మొదట లేడింగ్ అనే గొలుసు, తరువాత ద్రోమి అనే గొలుసు తెస్తారు, రెండూ తెగిపోతాయి. ఎంతో కష్టమైన పని సాధిస్తే "లేడింగ్ విప్పుకున్నాడు, ద్రోమి తెంపుకున్నాడు" అనడం ఆ భాషలో నానుడి అయిందని కథకుడే చెబుతాడు. జాతీయం కథలో నుంచి ఎలా పుడుతుందో చూపించడానికి ఇది మంచి ఉదాహరణ. దీని పక్కనే భగీరథుడిని కూర్చోబెట్టండి, మర్రినీడ గారి కోరికా తీరుతుంది.

మూడో కట్టు గ్లైప్‌నిర్ ఇంకా బాగుంటుంది. పిల్లి అడుగుల చప్పుడు, ఆడవాళ్ల గడ్డం, కొండల వేళ్లు, ఎలుగుబంటి నరాలు, చేప ఊపిరి, పక్షి ఉమ్మి, ఈ ఆరింటితో మరుగుజ్జులు పట్టుదారం లాంటి తాడు పేనుతారు. తెలుగులో మనకు కుందేటి కొమ్ము, గగనకుసుమం, గాడిదగుడ్డు ఉన్నాయి. పిల్లల చేత అలాంటివి ఇంకో ఆరు చెప్పించండి. షష్ఠీ విభక్తి ప్రయోగం వాళ్లకు తెలియకుండానే వచ్చేస్తుంది.

చెకుముకి

ఈ చర్చలో ఎవరూ ఇంకా చెప్పని సంగతి ఒకటుంది. ఈ కథల్లో చాలా భాగం కాగితమెక్కిందే, నిజానికి దూడతోలు మీదికి ఎక్కిందే, భాషా పాఠంగా. ఐస్‌లాండ్ వాడైన స్నోరి స్టుర్లుసన్ సుమారు 1220 ప్రాంతంలో ఈ కథలున్న గద్య ఎడ్డా అనే పుస్తకాన్ని రాశాడు. అప్పటికి ఆ దేశం క్రైస్తవం స్వీకరించి రెండు వందల ఏళ్లు దాటింది. పాత కవుల పద్యాల్లో బంగారాన్ని "సిఫ్ జుట్టు" అని, కవిత్వాన్ని "క్వాసిర్ నెత్తురు" అని ఎందుకు అంటారో కొత్తతరం కవులకు తెలియకుండా పోతోంది. వాళ్లకు పాత కవితాభాష నేర్పడమే ఆ పుస్తకం ఉద్దేశం. గోరింట గారు చెప్పిన కథ కూడా అందులో "బంగారాన్ని సిఫ్ జుట్టు అని ఎందుకంటారు?" అనే ప్రశ్నకు జవాబుగానే వస్తుంది. పుస్తకం చివరి భాగమైన హాత్తతాల్ పూర్తిగా ఛందస్సు. 102 పద్యాల్లో రకరకాల వృత్తాలను చూపిస్తూ పోతాడు. మొదటి కథాభాగమేమో ప్రశ్నోత్తరాల రూపంలో ఉంటుంది. గిల్ఫి అనే రాజు మారువేషంలో వెళ్లి అడుగుతుంటాడు, ఎత్తైన పీఠాల మీద ఒకరిపై ఒకరుగా కూర్చున్న ముగ్గురు చెబుతుంటారు. కాబట్టి పాలపిట్ట గారు కొత్త ప్రయోగం చేయడం లేదు, ఎనిమిది వందల ఏళ్ల నాటి పాఠ్యపుస్తకాన్ని దాని అసలు పనికే వాడుతున్నారు.

పేర్ల విషయంలో నా సలహా ఇది. పిల్లలు విన్న రూపాన్నే వాడండి, కానీ అసలు ఉచ్చారణ గురించి ఒక రోజు మాట్లాడండి. థార్ పేరులోని మొదటి ధ్వని తెలుగులో లేదు. నాలుక కొనను పళ్ల మధ్య ఉంచి గాలి వదిలితే వచ్చే ఆ ధ్వనికి మన థ దగ్గరి చుట్టం మాత్రమే. ఇంకొక తమాషా ఏమిటంటే, ఫ్రేయ్ర్ అనే దేవుడి పేరు చివర ఉన్న ర్ పేరులో భాగం కాదు, అది కర్తకు వచ్చే ప్రత్యయం. "ఫ్రేయ్ర్ యొక్క" అనాలంటే ఆ ర్ పోయి ఫ్రేయ్స్ అవుతుంది. "రాముడు"లోని డు పోయి "రాముని" అయినట్లే. "డు, ము, వు, లు ప్రథమా విభక్తి" అని అర్థం తెలియకుండా వల్లె వేసిన పిల్లలకు, వేరే భాషలోనూ ఒక డు ఉందని తెలిస్తే మొదటిసారిగా మన డు కనిపిస్తుంది.

పాలపిట్ట

మీ అందరి సూచనలతో రెండు వారాలు గడిచాయి. సుత్తి కథ చెప్పాను, పందెం వాక్యం రాయించాను, మా అమ్మాయి ఆరు వరుసల దగ్గర ఆగింది. చెకుముకి గారు చెప్పిన "సిఫ్ జుట్టు" లాంటి మాటలను కెన్నింగులు అంటారని చదివి, ఒక సాయంత్రం ఇంట్లో వస్తువులన్నింటికీ అలాంటి పేర్లు పెట్టే ఆట ఆడాం. సముద్రానికి "తిమింగలాల దారి", ఓడకు "అలల గుర్రం" అని పాత కవుల మాటలు రెండు చెప్పి వదిలేశాను. అమ్మాయి గొడుగును "వాన మీదికెత్తిన డాలు" అంది, దిండును "కలల మూట" అంది. చిన్నవాడు చాలాసేపు ఆలోచించి రబ్బరును "తప్పుల తిండిపోతు" అన్నాడు. ఆ మాట ఇప్పుడు మా ఇంట్లో స్థిరపడిపోయింది.

అనుకోకుండా ఇంకో పాఠం కూడా దొరికింది. చిన్నవాడు తన వాచకంలో "లోకి అడవిలోకి వెళ్లాడు" అని చదివి, "అడవి ఇంటిపేరా అమ్మా?" అన్నాడు. అక్కా తమ్ముళ్లు ఆ రోజంతా "ఇంట్లోకి వచ్చిన లోకి", "లోకి సంచిలోకి తొంగిచూసిన లోకి" అంటూ దొర్లి దొర్లి నవ్వారు. పేరుకూ ప్రత్యయానికీ తేడా ఏమిటో నేను ఒక్క ముక్క చెప్పనక్కరలేకపోయింది. ఆ తరువాత అమ్మాయి ఓడిన్ పేరును పట్టుకుంది. రాగ్నరోక్ యుద్ధంలో తోడేలు చేతిలో చనిపోతాడు కాబట్టి అతడు "ఓడిన ఓడిన్" అట. దీన్ని ఏమంటారు, శ్లేషేనా? పాత పలక గారు చెప్పాలి.

పాత పలక

ఒకే మాటలో రెండు అర్థాలు ఇమిడితే శ్లేష. మీ అమ్మాయి దాదాపు ఒకే ధ్వని ఉన్న రెండు మాటలను, అర్థభేదంతో, పక్కపక్కన పెట్టింది కాబట్టి ఇది యమకానికి దగ్గర. "ఓడిన్" చివర పొల్లు ఉంది గనుక నేను పూర్తి మార్కులు వేయను, కానీ ఈ వయసులో ఇది చాలు.

కెన్నింగుల నుంచి సమాసాలకు నడిచి వెళ్లవచ్చు. "తిమింగలాల దారి" షష్ఠీ తత్పురుషమే. నిప్పును ఆ కవులు "కొయ్యకు కీడు" అన్నారు, మనవాళ్లు "అనిలసఖుడు", అంటే గాలికి స్నేహితుడు అన్నారు. ఒకరు నిప్పుకు శత్రువును చూశారు, ఒకరు స్నేహితుడిని చూశారు. జలజం, జలదం, జలధి అనే మూడు మాటలను బల్ల మీద పెట్టి, నీటిలో పుట్టేది, నీటిని ఇచ్చేది, నీటిని పట్టి ఉంచేది అని పిల్లల చేతనే విడదీయించండి. సంస్కృతం వద్దనుకుంటే అచ్చతెలుగులోనూ కొల్లలుగా ఉన్నాయి. సూర్యుడు వేవెలుగు, చంద్రుడు చలివెలుగు, పాము గాలిమేపరి. భూమిని చుట్టి తన తోకను తానే కరచుకున్న సముద్రసర్పం యోర్ముంగంద్ర్‌ను గాలిమేపరి అంటే కొంచెం చిన్నతనంగా ఉంటుందేమో గానీ, పిల్లలు ఒప్పుకుంటే నాకు అభ్యంతరం లేదు.

ఇక నాకు అన్నింటికంటే ఇష్టమైన సంగతి. నార్స్ పద్యపాదం రెండు సగాలుగా ఉంటుంది, రెండో సగంలో ఊనిక పడే మొదటి అక్షరపు ధ్వనే మొదటి సగంలోనూ ఊనిక ఉన్నచోట వినిపించాలి. వినగానే మన యతి గుర్తుకు రావడం లేదూ? కానీ లెక్క వేరు. వాళ్లకు హల్లు కలిస్తే చాలు, దాని మీద ఏ అచ్చు ఉన్నా పట్టింపు లేదు. అచ్చులైతే ఏ అచ్చుతో ఏ అచ్చయినా కలుస్తుంది. మనకు హల్లుతో పాటు అచ్చు కూడా కలవాలి, అందులోనూ అ, ఆ, ఐ, ఔ ఒక జట్టు, ఇ, ఈ, ఎ, ఏ, ఋ ఇంకో జట్టు, ఉ, ఊ, ఒ, ఓ మరో జట్టు. "తిమింగలాల దారిలో తేలిపోయెను నావ" అంటే తి, తే రెండు లెక్కల్లోనూ కుదురుతాయి. "తిమింగలాల దారిలో తరలిపోయెను నావ" అంటే నార్స్ కవి తల ఊపుతాడు, తెలుగు కవి తల అడ్డంగా తిప్పుతాడు. జంటహల్లుల దగ్గర ఇది తలకిందులవుతుంది. వాళ్లకు స్త అనే ధ్వని స్త తోనే కలవాలి, మనకు సంయుక్తాక్షరంలోని ఏ హల్లుతో కలిపినా యతి చెల్లుతుంది. గణాలు, గురులఘువులు తరువాత చూసుకోవచ్చు, ముందు చెవికి ఈ జట్లు అలవాటైతే ఆటవెలది దానంతట అదే దగ్గరకు వస్తుంది.

మర్రినీడ

నేను అడిగినదానికి జవాబు దొరికింది, సగం ఒప్పుకుంటున్నాను. ఇంగ్లీషు వాసన గురించిన భయం మాత్రం పోలేదు, అందుకే ఊరుకోక నేనూ ఒక ప్రయోగం చేశాను. మా ఇంటికి సెలవులకు వచ్చిన పిల్లలు ముగ్గురున్నారు. ఇగ్‌ద్రసిల్ చెట్టు కొమ్మన ఒక గద్ద, వేళ్ల దగ్గర నిద్‌హోగ్ అనే సర్పం, ఆ రెండింటి తిట్లను పైకీ కిందికీ మోస్తూ పరుగులు తీసే రాతతోస్క్ అనే ఉడుత ఉన్నాయని చదివాను. ఒకడిని గద్దగా, ఒకడిని పాముగా పెట్టి, మధ్యలో ఉడుతను మెట్ల మీద పరుగెత్తించాను.

మొదటి తిట్టుకే తగువు మొదలైంది. పాము "నేను నిన్ను మింగుతాను" అంది. ఉడుత పైకి వెళ్లి "నేను నిన్ను మింగుతానంది" అని చెప్పింది. గద్ద ఉడుత మీద పడింది. ఎవరు ఎవరిని మింగుతారో తేలడానికి పది నిమిషాలు పట్టింది. చివరికి "తాను నిన్ను మింగుతానని పాము చెప్పింది" అనే వాక్యానికి వాళ్లే వచ్చారు. ప్రత్యక్ష కథనాన్ని పరోక్షంలోకి మార్చేటప్పుడు తెలుగులో "నేను" అన్నది "తాను" అవుతుంది, కానీ క్రియ మాత్రం "మింగుతాను" అని ఉత్తమ పురుషలోనే ఉండిపోతుంది. ఇంగ్లీషు బడిలో చదివే పిల్లలు ఇక్కడే తప్పు చేసి "అతను నిన్ను మింగుతాడని చెప్పాడు" అంటారు, అప్పుడు మింగేవాడు మూడోవాడైపోతాడు. ఈ ఒక్క "తాను" కోసమైనా ఆ ఉడుతకు నేను రుణపడ్డాను.

ఇంకొక మాట. ఇంగ్లీషు పుస్తకం చదివిన వెంటనే పిల్లలకు చెప్పకండి. ఒక రాత్రి గడిచాక, పుస్తకం మూసి చెప్పండి. మరచిపోయిన వాక్యాల చోట తెలుగు వాక్యాలు వస్తాయి.

గోరింట

మర్రినీడ గారి చివరి సలహాను నేను గోడ మీద రాసుకుంటున్నాను.

నెత్తుటి గురించి పాలపిట్ట గారు మొదట అడిగిన ప్రశ్న అలాగే మిగిలిపోయింది. ఆరేళ్లవాడికి నేను ఎనిమిది కాళ్ల గుర్రం స్లేప్‌నిర్ పుట్టుక కథ, లోకిని బంధించిన కథ చెప్పను, అవి ఆగుతాయి. యమీర్ అనే రాక్షసుడి శరీరంతో ప్రపంచాన్ని చేయడం మాత్రం చెబుతాను, ఎందుకంటే పుర్రె ఆకాశం, నెత్తురు సముద్రం, ఎముకలు కొండలు అన్నప్పుడు పిల్లలకు భయం కంటే పోలిక ముందు కనిపిస్తుంది. టీర్ అనే దేవుడు తన కుడిచేతిని ఫెన్రిర్ తోడేలు నోట్లో పెట్టి పోగొట్టుకున్న కథలో నొప్పి కంటే మాట తప్పడం గురించే పిల్లలు ఎక్కువ వాదిస్తారు. ఓడిన్ కొడుకు బాల్డర్ మరణం మాత్రం తేలికగా తీసుకోకండి. తల్లి ఫ్రిగ్ లోకంలోని ప్రతి వస్తువు చేతా ఒట్టు వేయించుకుని, మిసల్టో అనే చిన్న మొక్కను మాత్రం మరీ లేతదని వదిలేస్తుంది. ఆ మొక్కతోనే అతడు చనిపోతాడు. అతడిని తిరిగి పంపాలంటే అందరూ ఏడవాలని చనిపోయినవాళ్ల లోకాన్ని ఏలే హెల్ షరతు పెడితే, థోక్ అనే ఒక్క రాక్షసి ఏడవనంటుంది. "ఒక్కటి తప్ప అన్నీ", "ఒక్కరు తప్ప అందరూ" అనే వాక్యం ఈ కథలో రెండుసార్లు వచ్చి రెండుసార్లూ మనిషిని విరిచేస్తుంది. నేను దీన్ని "తప్ప" నేర్పే పాఠంగా వాడాలని కూర్చున్నాను గానీ, మా అబ్బాయి ముఖం చూసి పుస్తకం మూసేశాను. కొన్ని రోజులు కథ కథగానే ఉండాలి.

నవ్వుకు త్రిమ్ కథ ఉంది. సుత్తి దొంగిలించిన రాక్షసుడి దగ్గరకు థార్ పెళ్లికూతురి వేషంలో వెళ్లి, ఒక ఎద్దును, ఎనిమిది సాల్మన్ చేపలను తినేస్తాడు. పెళ్లికూతురు ఎనిమిది రాత్రులుగా ఆత్రంతో ఏమీ తినలేదని పక్కన చెలికత్తె వేషంలో ఉన్న లోకి సర్దిచెబుతాడు. ముసుగు ఎత్తి చూసి ఆ ఎర్రటి కళ్లేమిటని అడిగితే, ఎనిమిది రాత్రులుగా నిద్రపోలేదంటాడు. నాటకంగా రాయించడానికి ఇంతకంటే సులువైన కథ లేదు, సంభాషణలు దాదాపు సిద్ధంగానే ఉన్నాయి.

థార్, లోకి రాక్షసుల కోట ఉట్‌గార్డ్‌కు వెళ్లిన ప్రయాణం చెప్పేటప్పుడు ఒక్క జాగ్రత్త తీసుకోండి. తిండిపోటీలో లోకిని ఓడించిన లోగి నిజానికి కార్చిచ్చు, పరుగులో థార్ సేవకుడు థ్యాల్ఫిని ఓడించిన హుగి ఆలోచన, థార్‌ను మోకాలి మీదికి దించిన ఎల్లి అనే ముసలమ్మ వృద్ధాప్యం. పేర్లను ముందే తెలుగు చేస్తే ముడి విడిపోతుంది. చివరి వరకు పేర్లు పేర్లుగానే ఉంచి, కోట మాయమయ్యాక అర్థం చెప్పండి. రహస్యాన్ని ఎక్కడ దాచాలో, ఎక్కడ విప్పాలో కథ రాసే పిల్లలకు ఇది చూపిస్తుంది.

పాత పలక

పాత తెలుగులో "ఎల్లి" అంటే రేపు. ఎల్లుండి అనే మాట దాని చుట్టమే. ముసలితనం పేరు రేపు అని మీ పిల్లలకు చెప్పి చూడండి.

చెకుముకి

పాత పలక గారూ, దీన్ని నేను ఎన్నటికీ మరచిపోను.

పెద్దపిల్లలకు పనికివచ్చేది ఒకటి చేరుస్తాను. థార్ ఎద్దుతలను ఎరగా వేసి సముద్రసర్పాన్ని పట్టిన కథ రెండు రకాలుగా ఉంది. పాత పద్యంలో థార్ పాము తలపై సుత్తితో కొడతాడు, అది నీళ్లలో మునిగిపోతుంది. స్నోరి చెప్పిన కథలో, పామును చూసి భయపడిన హిమిర్ అనే రాక్షసుడు గాలం తాడు తెంచేస్తాడు. ఆ లాగుడుకు థార్ కాళ్లు పడవ అడుగును చీల్చుకుని సముద్రపు నేలను తాకుతాయని కూడా స్నోరి అంటాడు. స్వీడన్‌లోని ఆల్తునా అనే చోట ఉన్న శిలమీద పడవ అడుగు నుంచి బయటికి వచ్చిన పాదం చెక్కి ఉంది. అంటే ఆ వివరం స్నోరి కల్పన కాదు, ఆయనకు ముందు నుంచే జనం నోట ఉన్నది. రెండు కథనాలనూ ఎదురెదురుగా పెట్టి తేడాలు రాయమనండి, తరువాత బొమ్మ చూపించండి. చదివి అర్థం చేసుకోవడానికి ఇంతకు మించిన అభ్యాసం నేను ఇంతవరకు ఇవ్వలేదు.

రూనిక్ లిపితో మా అమ్మాయి పేరు రాయబోయి ఇరుక్కుపోయాం. వైకింగుల కాలపు లిపిలో 16 అక్షరాలే ఉన్నాయి, క కూ గ కూ ఒకటే గుర్తు, త కూ ద కూ ఒకటే గుర్తు. మన వర్ణమాల ఎన్ని తేడాలు పట్టుకుంటుందో పిల్లలకు ఆ ఇరుకులోనే తెలిసింది. కొయ్య మీద చెక్కేవి కాబట్టి ఆ గీతలు నిటారుగా, వాలుగా ఉంటాయి, తాటాకు మీద పెరిగిన మన అక్షరాలు గుండ్రంగా ఉంటాయి. వారాల పేర్లు కూడా మరువకండి. ఇంగ్లీషులో మంగళ, బుధ, గురు, శుక్రవారాలు వరుసగా టీర్, ఓడిన్, థార్, ఫ్రిగ్‌ల పేర్లే. రోమన్ల గ్రహదేవతల స్థానంలో జర్మానిక్ జాతులు తమ దేవతలను కూర్చోబెట్టాయి, మనం ఆ గ్రహాల పేర్లనే ఉంచుకున్నాం.

పాలపిట్ట

ఈ చర్చ మొదలుపెట్టి మూడు నెలలైంది. చిన్నవాడి వాచకం నలభై పేజీలు దాటింది, ఇప్పుడు వాడే చదివి వాడే దిద్దుతున్నాడు. మర్రినీడ గారి ఉడుత మా ఇంటి మెట్ల మీదా తిరుగుతోంది. ఛందస్సు ఇంకా యతి జట్ల దగ్గరే ఉంది, ఆటవెలది రాలేదు, తొందర కూడా లేదు.

నిన్న వాఫ్‌థ్రూద్నిర్ కథ చెప్పాను. అన్నీ తెలిసిన ఆ రాక్షసుడితో ఓడిన్ మారువేషంలో ప్రశ్నల పోటీకి దిగుతాడు, ఓడినవాడి తల పోతుంది. రాక్షసుడు అన్నింటికీ జవాబు చెబుతాడు. చివరికి ఓడిన్, "చితి మీద పెట్టే ముందు బాల్డర్ చెవిలో ఓడిన్ ఏమి చెప్పాడు?" అని అడుగుతాడు. అది ఓడిన్‌కు తప్ప ఎవరికీ తెలియదు, దాంతోనే ఎదురుగా ఉన్నది ఎవరో రాక్షసుడికి అర్థమైపోతుంది. కథలో ఎక్కడా ఆ మాట చెప్పరు. ఓడిన్ ఏమి చెప్పి ఉంటాడో రాయమని అమ్మాయికి కాగితం ఇచ్చాను.

పెన్సిల్ చెక్కలేదు. గంటసేపు రాసింది. అయ్యాక కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి తన పెట్టెలో వేసుకుంది. చూపించమంటే, "ఓడిన్‌కు తప్ప ఎవరికీ తెలియదని నువ్వే కదా చెప్పావు" అంది. దిద్దడానికి కాదు, చదవడానికే అన్నా ఒప్పుకోలేదు. కనీసం ఎంత రాశావని అడిగితే, రెండు వైపులా అని చెప్పింది.